కండరముల నొప్పికి మందులేని చికిత్సలు

మన బళ్లారి జిల్లాలో శరీరశ్రమ ఎరుగని యిల్లు అరుదు. తుంగభద్ర కాలువల క్రింద నాట్లు వేయు తల్లులు దినమంతయు వంగియుందురు. నగరమున జీన్సు దుస్తులు కుట్టువారు మెడ వంచి మిషను ముందు కూర్చుందురు. సాయంకాలమున కన్నడమువారు "సొంట నోవు" అనినను, మనము "నడుము నొప్పి" అనినను బాధ యొక్కటే. నొప్పిమాత్రలు అంగడిలో సులభముగా దొరకును. కాని కొన్నిటిని దీర్ఘకాలము మ్రింగినచో కడుపులో పుండ్లు పడవచ్చును, మూత్రపిండములు చెడవచ్చును. కావున మందులేని చికిత్సలలో ఏది యెంత మేలు చేయునో విచారింతము.

మొదటిది కాపడము. వావిలాకు వేసి కాచిన నీటితోను, వేచిన ఉప్పు మూటతోను పెద్దలు కాపడము పెట్టుదురు. వేడిచే రక్తప్రసారము హెచ్చి బిగిసిన కండరము సడలును. ఈ సుఖము కొద్దిసేపే నిలుచును. స్పర్శ తగ్గిన మధుమేహరోగికి చర్మము కాలుట తెలియదు గనుక జాగ్రత్త వలయును.

రెండవది మర్దనము. నూనె రాచి మెల్లగా మర్దించిన హాయి కలుగును, ఇదియు తాత్కాలికమే. మాలో పలువురము చిన్ననాడు తాతగారి నడుము త్రొక్కినవారమే. ఎముకలు పెళుసైన వృద్ధులకు అది ప్రమాదకరమని తెలిసిన పిదప మానితిమి.

మూడవది వ్యాయామము. దీని ఫలము ఆలస్యముగా కనబడును గాని యెక్కువ కాలము నిలుచును. దీర్ఘకాలపు నడుము నొప్పిని గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన సూచనలలో వ్యాయామము, మర్దనము, సూదిచికిత్స, రోగికి నొప్పిని గూర్చిన బోధ చోటు చేసికొన్నవి. నడుము పట్టీలు, బరువులు కట్టి లాగుట, విద్యుత్ప్రేరణ సాధారణముగా వలదని ఆ సంస్థయే చెప్పినది. ఒళ్లంతయు నొప్పులుండు ఫైబ్రోమయాల్జియాకు సైతము ఐరోపా కీళ్లవైద్యుల సంఘము 2017లో గట్టిగా సిఫారసు చేసినది వ్యాయామము నొక్కదానినే.

"పొద్దంతయు పని చేసితిమి కదా, మరల వ్యాయామమెందులకు?" అని తల్లులడుగుదురు. పొలము పని ఒకే కండరమును ఒకే వైపునకు లాగుచుండును. వ్యాయామము పనిలేని కండరములను బలపరచి, బిగిసినవానిని సాచును. మొదట పది నిమిషముల నడకతో నారంభించి క్రమముగా పెంచవలెను. మంచము పట్టి యుండుట మేలు కాదు.

కాలు చచ్చుబడినను, మూత్రము బంధించినను, అదుపు తప్పినను, జ్వరము తోడైనను, పడిన పిదప నొప్పి పుట్టినను గృహచికిత్స విడిచి వెంటనే ఆసుపత్రికి పోవలెను.

సోదర విద్యార్థులారా! తల్లికి కాపడము పెట్టుట మంచిదే. ఆమె మోయు నీళ్లబిందెను మనమందుకొని, ఆ సమయమున నామెను నాలుగడుగులు నడువనిచ్చుట అంతకంటె మంచిది.