పాతిక వాట్లలో న్యూట్రినో వేట

గ్రీన్‌ల్యాండ్‌లో సమిట్ స్టేషన్ దగ్గర మంచులోకి యాంటెన్నాలు దించి, అత్యధిక శక్తి గల న్యూట్రినోల కోసం కాపు కాస్తున్నారు. ఆర్‌ఎన్‌ఓ-జి అనే ఈ ప్రయోగంలో ఒక్కో కేంద్రం పూర్తిస్థాయిలో పనిచేసేటప్పుడు వాడే కరెంటు సుమారు 25 వాట్లు. మన ఇంట్లో మామూలు సీలింగ్ ఫ్యాన్‌కు దాదాపు అంతకు మూడు రెట్లు కావాలి. ఆ కాస్త కరెంటుతోనే 24 ఛానెళ్ల సంకేతాలను సెకనుకు 240 కోట్ల సార్లు చొప్పున కొలవాలి. యాంటెన్నాలను అందరూ ఫొటోలు తీస్తారు గానీ, ఈ వేట సాధ్యమైంది వాటి వెనకున్న డిజిటైజర్ చిప్ పొదుపు వల్లనే.

న్యూట్రినో మంచులో ఢీకొంటే కణాల జల్లు పుడుతుంది. దారిలోని ఎలక్ట్రాన్లను కలుపుకుంటూ పోవడంతో ఆ జల్లులో రుణావేశం పెరిగి, రేడియో తరంగం వెలువడుతుంది. గుర్గెన్ అస్కర్యాన్ 1962లో ఊహించిన ఈ సంగతిని అమెరికాలోని స్లాక్ ప్రయోగశాలలో మొదట ఇసుకలో, 2006లో మంచులో రుజువు చేశారు. తరంగం ఉండేది కొన్ని నానోసెకన్లే. దాని పౌనఃపున్యానికి కనీసం రెట్టింపు వేగంతో కొలవకపోతే ఆకారం దక్కదు. అలాగని కొలిచినదంతా 12 బిట్ల అంకెలుగా మారుస్తూ పోతే, ఒక్క కేంద్రమే సెకనుకు 8,600 కోట్ల బైట్లకు పైగా కుమ్మరిస్తుంది. అందులో దాదాపు అంతా ఉత్త రొదే. ల్యాబ్4డి అనే ఈ డిజిటైజర్ చిప్ ఆ రొదను అంకెల్లోకి మార్చనే మార్చదు. ఛానెల్‌కు 4,096 బుల్లి కెపాసిటర్లుంటాయి. వోల్టేజీని వరసగా వాటిలో నింపి, చివరిది నిండగానే మొదటిదాన్ని చెరిపి మళ్లీ రాస్తుంది. అంటే దానికి గుర్తుండేది గడచిన 1.7 మైక్రోసెకన్లు మాత్రమే! సంకేతం వచ్చి ఉండొచ్చని చెప్పే ట్రిగ్గర్ అందినప్పుడు రాత ఆపి, నింపాదిగా అంకెలు తీస్తుంది.

చదివేలోపు మరో సంకేతం వస్తే పోదా? ఈ కెపాసిటర్ గడులను రెండు సగాలు చేసి, ఒకటి చదువుతుండగా రెండోదాంట్లో రాసుకోవచ్చు. ఏ రెండు గడులూ అచ్చు ఒకేలా ఉండవన్న మాట మాత్రం నిజం. ప్రతిదాని వోల్టేజీ తేడానూ, గడికీ గడికీ మధ్య సమయాన్నీ విడివిడిగా సరిచూసుకోవాలి. విసుగు పుట్టించే పనే, అయినా తప్పదు. అసలైన అభ్యంతరం వేరే ఉంది. ఎడతెగకుండా అంకెలు తీసే వేగవంతమైన చిప్‌లు ఇప్పుడు దొరుకుతున్నాయి, అంటార్కిటికా మీద ఎగిరిన అనిటా బెలూన్ న్యూట్రినో ప్రయోగానికి వారసుడైన ప్యూయో వాటినే ఎంచుకుంది కూడా. కానీ అంటార్కిటికా వేసవిలో పొద్దుగుంకదు. బెలూన్‌కు కొన్ని వారాలు సోలార్ పలకలతో గడిస్తే చాలు. గ్రీన్‌ల్యాండ్ కేంద్రాలు ఏళ్ల తరబడి నిలవాలి, శీతకాలపు చీకట్లో సోలార్ పలకలు అక్కరకు రావు. అక్కడ తగ్గించిన ప్రతి వాట్ కేంద్రం మెలకువగా ఉండే రోజులను పెంచుతుంది. కేబుల్ వేస్తే సరిపోదా అంటే, ఐస్‌క్యూబ్ అనే మరో న్యూట్రినో ప్రయోగానికి సరిపోయింది, దాని 5,160 సెన్సర్లూ ఒక ఘన కిలోమీటరు మంచులోనే ఉన్నాయి గనక. ఇక్కడ 35 కేంద్రాలను కిలోమీటరుకు పైగా ఎడంతో పెట్టాలన్నది ప్రణాళిక. అన్నింటికీ కేబుల్ లాగితే ఖర్చుతో పాటు, ఆ తీగలు మోసుకొచ్చే రేడియో రొదనూ భరించాలి.