మల్బరీ ఆకు పాలలో ఉన్న కాపలా



మల్బరీ ఆకు తుంచితే కాడ దగ్గర తెల్లగా పాలు కారడం మనం రోజూ చూసేదే. చేతికి అంటితే జిగురు, బట్టకు పడితే మరక. ఇరవై ఏళ్లుగా ఆకు కోస్తున్నాం గానీ ఆ పాలు చెట్టుకు ఎందుకని మేము ఏనాడూ అనుకోలేదు. ఒక పంట చేజారిపోయాకే తెలుసుకోవాలన్న బుద్ధి పుట్టింది.

ఆ పాలే చెట్టుకు కాపలా. పురుగు వస్తే చెట్టు లేచి పోలేదు, దులుపుకోలేదు. అందుకే ఈనెల్లో పాలు నింపి పెట్టుకుంటుంది. పురుగు ఎక్కడ కొరికితే అక్కడికి పాలు ఊరి వస్తాయి. ఆ పాలల్లో చూడడానికి చక్కెరలాగే ఉండే పదార్థాలు ఉన్నాయి. అవి కడుపులోకి పోతే చక్కెర అరగడం ఆగిపోతుంది. పురుగు ఎంత తిన్నా ఒంటికి పట్టదు, ఎదగదు.

ఈ సంగతిని జపాన్ శాస్త్రవేత్తలు 2006లో బయటపెట్టారు. ఆముదం ఆకు తినే ఎరి పట్టు పురుగులకు, క్యాబేజీ తినే పురుగులకు వాళ్లు మల్బరీ ఆకు పెట్టి చూశారు. అవి ఎదగలేక చచ్చిపోయాయి. అదే ఆకును సన్నగా తరిగి, పాలు తీసేసి పెడితే ఎరి పురుగులు బాగానే పెరిగాయి. అంటే విషమంతా ఆ పాలల్లోనే ఉందన్నమాట. మన పట్టు పురుగుకు మాత్రం ఆ పాలు ఏమీ చెయ్యలేవు. దాని కడుపులో చక్కెర అరిగించే రసం వేరే రకం. అందుకే వేరే పురుగులను చంపే ఆకు మన పురుగుకు కడుపు నిండా అన్నం అయింది.

మరి ఇంత కాపలా ఉంటే తోటలో తెగుళ్లు ఎందుకు వస్తున్నాయి అని మీరు అడగొచ్చు. ఆకు చుట్టు పురుగు, బొచ్చు పురుగు లాంటి కొన్ని ఆ పాలను కూడా తట్టుకుంటాయి. పిండి నల్లి సంగతి వేరు. అది ఆకు కొరకదు. సూదిలాంటి నోరు గుచ్చి రసం పీలుస్తుంది. దాని ముందు పాలు పెద్దగా పని చెయ్యవు. అప్పుడు చిగురు ముడుచుకుని గిడసబారుతుంది. మనం తుక్ర అనేది దాన్నే.

కొన్నేళ్ల కింద ఎండాకాలంలో మా తోటకు తుక్ర తగిలింది. భయపడి అంగడికి పోయి, ఇచ్చిన మందు తెచ్చి కొట్టేశాం. కొట్టాక ఎన్ని రోజులు ఆగి ఆకు పెట్టాలో అడగనే లేదు. పురుగులు నాలుగో జ్వరం లేచి ఆకలి మీద ఉన్నాయి, ఆకు చాలలేదు. మందు కొట్టిన దిక్కు నుంచే కోసి పెట్టాం. సాయంత్రానికి పురుగులు తలలు ఊపుతూ పచ్చగా కక్కడం మొదలుపెట్టాయి. తెల్లారేసరికి తట్టలకు తట్టలు ఎత్తి గుంతలో పోశాం. గుడ్ల డబ్బు, కూలి డబ్బు, చీటీ ఎత్తి తెచ్చిన డబ్బు అన్నీ అందులోనే పోయాయి. అమ్మ షెడ్ గడపలో కూర్చుని "చెట్టు విషాన్ని తట్టుకున్న పురుగును మన చేత్తో చంపుకున్నాం కదరా" అంది. ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇంకో తప్పు కూడా చేశామని తర్వాత తెలిసింది. మందు కొట్టకముందు చిగుళ్ల మీద తెల్లటి నూగుతో పురుగులు కనిపిస్తే, పెద్ద పిండి నల్లులు అనుకుని నలిపేశాం. అవి క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్లలు. పిండి నల్లిని తినేవి అవే! పిల్లలుగా ఉన్నప్పుడు అచ్చం పిండి నల్లిలాగే తెల్లగా ఉంటాయి. తేడా ఒకటే. ఇవి పెద్దవి, చురుగ్గా నడుస్తాయి. పిండి నల్లి దాదాపు కదలదు. చెట్టు పాలు ఆపలేని శత్రువును ఈ పురుగు తింటుంది. మందు కొడితే ముందు చచ్చేది కూడా ఇదే.

ఇప్పుడు మేము చేస్తున్నది చెప్తాం.

ముడుచుకున్న చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచి సబ్బు నీళ్లలో వేస్తాం. గట్టు మీద పారెయ్యం, పారేస్తే నల్లులు మళ్లీ తోటలోకి పాకుతాయి.

నల్లి తక్కువగా ఉన్నప్పుడే పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి కడిగేస్తాం.

యూరియా మోతాదు మించనివ్వం. ఎక్కువ వేస్తే ఆకు లేతగా, రసంగా పెరిగి పీల్చే పురుగులను పిలిచినట్టే అవుతుంది.

సాళ్ల మధ్య గాలి, వెలుతురు ఆడేలా చూస్తాం. కొమ్మలు పదునైన కత్తితోనే కోస్తాం. బూజు సోకినప్పుడు మల్బరీ దాన్ని అడ్డుకోవడానికి మొరాసిన్లు అనే పదార్థాలు తయారు చేసుకుంటుంది. అయినా బెరడు చీలితే బూజుకు మనమే తలుపు తెరిచినట్టు.

అక్షింతల పురుగులను ఎకరాకు 250 చొప్పున వదలమని సెరికల్చర్ వాళ్లు చెప్తారు. మీ దగ్గరి టెక్నికల్ సర్వీస్ సెంటర్‌లో ముందుగానే అడిగి పెట్టుకోండి. వదిలాక మందు కొట్టొద్దు.

మందు తప్పదనిపిస్తే, ఏ మందు, ఎంత, కొట్టాక ఎన్ని రోజులు ఆగాలి అని అడిగి కాగితం మీద రాయించుకుని షెడ్ తలుపుకు అంటించండి. పక్క చేనులో టమోటాకు మందు కొడుతుంటే గాలి ఎటు వీస్తుందో చూసి, ఆ దిక్కు ఆకు కొయ్యకండి.

మీ తోటలో తెల్ల నూగు పురుగు కనిపిస్తే నలిపెయ్యకుండా ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. పిండి నల్లో, అక్షింతల పురుగు పిల్లో అందరం కలిసి చూద్దాం.