గొలుసు, గజము, మీటరు

కోస్తాజిల్లాలలో పొలమును సెంట్లతోను, తెలంగాణమున గుంటలతోను, పట్టణములందు ఇంటిస్థలమును గజములతోను లెక్కించుట మనవారికి అలవాటు. ఆ భూమియే కాగితములకెక్కునప్పుడు చదరపు మీటర్లును వచ్చి చేరును. పరస్పర సంబంధము లేనట్లు తోచు ఈ కొలతలన్నింటిని ఏకసూత్రమున బంధించు సంఖ్య యొకటి కలదు: ఒక అంగుళము 25.4 మిల్లీమీటర్లు. ఇది ఉజ్జాయింపు కాదు, నిర్వచనము.

ఈ నిర్వచనము స్థిరపడుటకు చాలకాలము పట్టినది. మీటరునకు 39.37 అంగుళములని 1893లో అమెరికా నిర్ణయించుటచే అక్కడి అంగుళము 25.4 మిల్లీమీటర్లకంటె లేశమాత్రము పెద్దదయ్యెను. కాంస్యముతో చేసిన గజదండమును ప్రమాణముగా గైకొన్న బ్రిటిషువారి అంగుళము లేశమాత్రము చిన్నదయ్యెను. ఆ రెండింటి భేదము పది లక్షలలో మూడు నాలుగు పాళ్ళే గనుక బట్టల దుకాణమున దానిని ఎవ్వరును గుర్తింపజాలరు. కాని వేయి కిలోమీటర్ల దూరమున అది మూడు నాలుగు మీటర్లగును, సూక్ష్మయంత్రముల తయారీలో చిక్కులు తెచ్చును. అందుచేత బ్రిటను, అమెరికా మున్నగు ఆరు దేశముల ప్రమాణసంస్థలు 1959 జూలై 1 నుండి గజమునకు సరిగా 0.9144 మీటరని, అనగా అంగుళమునకు 25.4 మిల్లీమీటర్లని, అంగీకరించినవి. భారతదేశము అంతకు పూర్వమే, 1956లో, చట్టము చేసి మెట్రిక్ పద్ధతిని స్వీకరించినది.

25.4ను పన్నెండింతలు చేసిన అడుగు, అనగా 304.8 మిల్లీమీటర్లు, అడుగులు మూడైన గజము, 5,280 అయిన మైలు, అనగా 1,609.344 మీటర్లు. ఈ వరుస తెలిసినవారికి పట్టికలతో పనిలేదు.

పదిహేడవ శతాబ్దమున ఎడ్మండ్ గంటర్ అను ఆంగ్ల గణితజ్ఞుడు భూమిని కొలుచు 66 అడుగుల గొలుసును నూరు లింకులుగా విభజించుటలో గొప్ప ఔచిత్యము కలదు. పది చదరపు గొలుసులు ఒక ఎకరమగుటచే, లింకులలో కొలిచిన పొడవును వెడల్పుచే గుణించి, లక్షచే భాగించినంతనే ఎకరములు వచ్చును. ఎకరమున నూరవవంతైన సెంటు సరిగా 1,000 చదరపు లింకులు; నలువదవవంతైన గుంట, ప్రతి భుజమును అరగొలుసు, అనగా 33 అడుగులు, గల చతురస్రము. మన సెంటును, గుంటయు ఆ గొలుసులోనే సరిగా ఇమిడియున్నవి. మెట్రిక్ మానమున సెంటు సుమారు 40.47, గుంట 101.17 చదరపు మీటర్లు.

పొడవునుండి వైశాల్యమునకు పోవునప్పుడు మార్పిడి సంఖ్యను కూడ వర్గము చేయవలెనన్న సంగతిని పలువురు విస్మరింతురు. వాడుకలో 200 గజముల స్థలమనగా 200 చదరపు గజములే, దానిని 0.9144చే గుణించినవారికి 182.88 వచ్చును. కాని సరియైన గుణకము 0.9144 యొక్క వర్గము, అనగా సుమారు 0.836, స్థలము 167.2 చదరపు మీటర్లు మాత్రమే. ఆ పొరపాటున 15 చదరపు మీటర్లకు పైగా లేని భూమి కాగితముమీద పుట్టును.

సంఖ్యను కుదించుట కూడ లెక్క ముగిసిన పిమ్మటనే తగును. మైలును 1.6 కిలోమీటర్లని మొదటనే కుదించినచో నూరు మైళ్ళకు దాదాపు ఒక కిలోమీటరు లోపించును. ఏది నిర్వచనమో, ఏది ఉజ్జాయింపో ఎరిగి గుణించువానికి మానము మారినను కొలత మారదు. భూమి కొనువారికిని అమ్మువారికిని న్యాయము చేకూరుటకు ఈ వివేకమే ఆధారము.