శారీరక వైకల్యం గల బాలబాలికల చదువుకు కంప్యూటర్ తోడ్పాటు

చేతివేళ్లు స్వాధీనంలో లేని బాలుడు లెక్కకు జవాబు తెలిసినా పలకపై వ్రాసి చూపలేడు. మస్తిష్క పక్షవాతం (సెరిబ్రల్ పాల్సీ) గల పిల్లల్లో కొందరికి మాట కూడా స్పష్టంగా రాదు. ఇటువంటి వారిని చదువు రానివారుగా లెక్కగట్టి ఇంటికే పరిమితం చేయడం చాలాకాలం జరిగింది. అయితే కండరాలు పట్టు తప్పిన ప్రతి బిడ్డకూ తెలివి లోపం ఉండదు. ఆ బిడ్డకు ఏమి తెలుసునో తెలుసుకొనేందుకు కంప్యూటర్ ఒక మార్గం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఉపయోగపడే కొన్ని వివరాలు ఈ దిగువ ఇవ్వబడినవి.

మొదటి మెట్టుకు ప్రత్యేక యంత్రమేదీ కొనవలసిన అవసరం లేదు. పాఠశాలలోని సాధారణ కంప్యూటర్‌లోనే కొన్ని సదుపాయాలు విండోస్ 95 కాలం నుంచి అమర్చబడి ఉన్నాయి. ‘స్టికీ కీస్’ అనే ఏర్పాటు వలన రెండు మీటలను ఒకేసారి నొక్కలేని పిల్లలు ఒకదాని తరువాత ఒకటి నొక్కవచ్చు. ‘ఫిల్టర్ కీస్’ వణికే చేయి పొరపాటున తాకిన తాకిళ్లను లెక్కలోకి తీసుకోదు. ‘మౌస్ కీస్’ అంకెల మీటలతోనే తెరపై బాణం గుర్తును కదిలిస్తుంది. ఇవన్నీ సెట్టింగులలో ఉంటాయి. ఎవరో ఒకరు వాటిని తెరవడమే తరువాయి.

తెలుగు వ్రాసే పిల్లలకు వీటి అవసరం మరికొంత ఎక్కువ. 1991 నాటి భారతీయ ప్రమాణాలలో చోటుచేసుకున్న ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ఖ, ఘ, ణ, శ, ళ వంటి అక్షరాలకు షిఫ్టు మీట కూడా నొక్కాలి. ఒక వేలితో టైపు చేసే విద్యార్థి ‘స్టికీ కీస్’ లేనిదే ‘శాల’ అని కూడా వ్రాయలేడు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి ఆరు మీటలు నొక్కవలసి వస్తుంది. అందుచేత వేగాన్ని బట్టి తెలివిని అంచనా వేయరాదు.

చేతులు రెండూ సహకరించనప్పుడు ఒక్క స్విచ్చు చాలు. తెరపై కనిపించే కీబోర్డులో వరుసలు ఒకటొకటిగా వెలుగుతూ పోతాయి. కావలసిన వరుస వెలిగినపుడు స్విచ్చు నొక్కితే ఎంపిక ఆ వరుసలోకి దిగి, మళ్లీ నొక్కడం ద్వారా కోరిన అక్షరానికి చేరుతుంది. ధర్మవరం మగ్గాలపై జకార్డు అట్టలు ఎరిగినవారికి ఇది కొత్త కాదు. అట్టలో చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఆ ‘ఉన్నది, లేదు’ల నుంచే చీర అంచుపై బొమ్మ వస్తుంది. ఇక్కడ అక్షరం వస్తుంది. స్విచ్చును మోకాలితో, తలతో, మడమతో, బిడ్డకు ఏ కదలిక నమ్మకంగా వస్తుందో దానితో నొక్కించవచ్చు. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ చివరి సంవత్సరాలలో చెంప కదలికతోనే వ్రాశారు. పాత మౌసులోని ఎడమ బటన్‌కు రెండు తీగలు అతికించి, పెద్ద కాలింగ్ బెల్ స్విచ్చుకు కలిపితే పని జరుగుతుంది. ఊరిలోని మరమ్మతు దుకాణంవారు కూడా దీనిని చేయగలరు.

మాట రాని పిల్లలకు బొమ్మను ఎంచుకుంటే పైకి పలికే పరికరాలున్నాయి. చెన్నైలో రూపొంది 2010లో వెలుగులోకి వచ్చిన ‘ఆవాజ్’ ఇటువంటిదే. 2017లో గూగుల్ తెలుగులో మాటను అక్షరంగా మార్చే సదుపాయాన్ని ప్రవేశపెట్టింది. మాట స్పష్టంగా ఉండి చేతులు పనిచేయనివారికి అది గొప్ప మేలు. మాట తడబడే పిల్లల విషయంలో మాత్రం దానిపై ఎక్కువ ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

పరికరం కంటే ముందు చూడవలసినది కుర్చీ. పాదాలు ఆనక, నడుము నిలవక జారిపోతున్న బిడ్డకు ఎంత ఖరీదైన స్విచ్చు ఇచ్చినా ప్రయోజనం ఉండదు. పాదాల కింద పీట, నడుముకు పట్టీ, మోచేతి ఎత్తున బల్ల అమర్చి, ఏ కదలిక అలసట లేకుండా పదిసార్లు వస్తుందో ఫిజియోథెరపిస్టు సమక్షంలో గమనించాలి. బిడ్డ సగం వ్రాసిన మాటను పెద్దలు తొందరపడి పూర్తి చేయరాదు. మంచి ఉపాధ్యాయులు సైతం చేసే పొరపాటు ఇది.

2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం 40 శాతం, అంతకు మించిన వైకల్యం గల విద్యార్థులకు 18 సంవత్సరాల వయస్సు వరకు పుస్తకాలతో పాటు తగిన సహాయక పరికరాలను ఉచితంగా ఇవ్వాలి. పరీక్షలలో అదనపు సమయం, లేఖకుని సాయం వంటి మార్పులు కూడా ఆ చట్టంలోని 17వ సెక్షన్‌లోనే ఉన్నాయి. ఇందుకు సదరం ధ్రువపత్రం ముందుగా పొందడం అవసరం.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి ఈ మూడు పట్టణాలూ వచ్చాయి. తల్లిదండ్రులు మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో గాని, సమగ్ర శిక్ష భవిత కేంద్రంలోని సహిత విద్య రిసోర్స్ పర్సన్‌ను గాని సంప్రదించవచ్చు. ఉపకరణాల నిర్ధారణ శిబిరానికి వెళ్లినపుడు చక్రాల కుర్చీతో పాటు స్విచ్చు, మీటలపై అమర్చే చిల్లుల పలక, బంతి మౌసు కూడా కావాలని అడిగి, ఆ అవసరాన్ని నమోదు చేయించుకోవాలి. మరింత లోతైన పరీక్ష అవసరమైతే, ఈ మూడు పట్టణాల మీదుగా పోయే గుంతకల్లు–బెంగళూరు రైలు మార్గంలో హైదరాబాదు కంటే బెంగళూరే దగ్గర. 1982లో ప్రారంభమైన స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక అక్కడే ఉంది. వెళ్లేటపుడు సదరం పత్రం, పాత వైద్య నివేదికలతో పాటు బిడ్డ కూర్చునే తీరు, చేతుల కదలిక కనిపించేలా ఫోనులో తీసిన చిన్న వీడియోను తీసుకువెళ్లాలి. కొత్తచోట బెదిరిన బిడ్డ ఇంట్లో చేసే పని అక్కడ చేయకపోవచ్చు.