మేస్త్రిని పిలుతమా, మనమే పోసికొందమా?

మా పెరటిలో నూతి ప్రక్కనున్న చప్టా రెండేండ్ల క్రిందట బీటలు వారి, నడుమ పల్లమై, ఉదికిన నీరంతయు అచ్చటనే నిలువజొచ్చెను. దోమలు చేరెను, పాచి పట్టెను. ఒకనాటి ఉదయమున మా అత్తగారు ఆ పాచిపై కాలుజారి పడి మణికట్టు బెణికించుకొనిరి. ఆ దినముననే పాతది పగులగొట్టి క్రొత్త చప్టా వేయవలెనని నిశ్చయించితిమి. మేస్త్రికి కబురంపితిమి. పని చిన్నదగుటచే నాతడు నేడు, రేపు అని నెల దినములు గడపెను. తుదకు వచ్చి చెప్పిన కూలి, సామానుల ఖరీదుకంటె మిక్కుటముగా నుండెను. అప్పుడు కాలేజీలో చదువుకొనుచున్న మా పిల్లవాడు "అమ్మా! సిమెంటు, ఇసుక, కంకర, నీళ్ళు, ఇంతేగదా! మనమే పోసికొందము" అనెను. వంట రాని వాడు పులుసు కాచుట గూర్చి చెప్పినట్లే యుండెను గాని, నేనును ఆ మాటకు లోబడితిని.

సోదరీమణులారా! ఈ ప్రశ్న మా ఒక్క ఇంటిది కాదు. వాకిట మెట్టు, తులసికోట చుట్టును గచ్చు, పశువుల కొట్టమున నేల, నీళ్ళ తొట్టి క్రింద దిమ్మె, ఇట్టి చిన్న పనులు ఏటేట వచ్చుచునే యుండును. మగవారు ఉద్యోగములపై పోగా మేస్త్రితో బేరమాడుటయు, కూలీలకు సామాను చూపుటయు, పని ముగిసిన పిదప నీళ్ళు చల్లుటయు తరచుగా మన పాలిటనే పడుచున్నవి. కావున మా ఇంట జరిగినది జరిగినట్లే వ్రాయుచున్నాను.

మా చప్టా ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, నాలుగంగుళముల మందము. అనగా పది ఘనపుటడుగులు. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక, నాలుగు పాళ్ళు కంకర చొప్పున కలిపినచో దీనికి రెండు బస్తాల సిమెంటు సరిపోవును. చూచుటకు పిల్లల ఆటవలె నుండును గాని పోసి ముగించునప్పటికి ఇది సుమారు ఏడువందల కిలోల బరువు. ఇంత బరువును పారతో తిరుగవేసి, తట్టలతో మోసి, గంటలోపల సరిచేయవలెను. ఇది మాకు మొదట తెలియలేదు. నేను, మా పిల్లవాడు, వాని స్నేహితు డొకడు, మువ్వురమును ఏప్రిల్ నెల ఎండలో తొమ్మిది గంటలకు మొదలుపెట్టితిమి.

తప్పు లొకదానివెంట నొకటి జరిగినవి. పిండి బిరుసుగా నున్నచో నీళ్ళు పోసి మెత్తన చేయుట మనకు అలవాటు. ఆ అలవాటుచేతనే పార తిరుగనప్పుడెల్ల బిందెతో నీరు పోసితిని. సిమెంటు గట్టిపడుటకు కావలసిన నీరు దాని బరువులో నాలుగవ వంతు మాత్రమే. అనగా 50 కిలోల బస్తాకు పండ్రెండు లీటర్లు. తక్కిన నీరు పని సాగుటకు మాత్రమే. ఆ నీరు తరువాత ఆవిరియై పోవుచు, తానున్న చోట కంటికి కనబడని రంధ్రములను విడిచిపోవును. అందుచేతనే భారత ప్రమాణముల సంస్థవారు 2000 సంవత్సరమున వెలువరించిన 456వ సంఖ్య నియమావళిలో, చప్టాలవంటి సాదా పనులకు చాలిన రకపు కాంక్రీటునకు బస్తాకు 32 లీటర్లకు మించి నీరు పోయరాదని విధించిరి. ఇసుకలోని తడియు ఆ లెక్కలోనిదే. మేము రెండు బస్తాలకు నూరు లీటర్లకు పైగా పోసియుందుము.

ఇసుకను కొలుచుటలోను మోసపోతిమి. ముందునాటి రాత్రి చిన్న వాన పడెను. తడిసిన బియ్యపుపిండి మానికలో ఉబ్బి కొద్దిపాటికే నిండినట్లగుట మీరు చూచియేయుందురు. కొంచెము తడిసిన ఇసుకయు నట్లే పొంగి, నూటికి ఇరువది, ముప్పది పాళ్ళ వరకు కొలతలో నెక్కువగా కనబడును. తట్టలు లెక్కకు సరిపోయినవి గాని ఇసుక సరిపోలేదు.

ఇక మూడవది. సగము పోసిన తరువాత ఎండకు తాళలేక లోపలికిపోయి మజ్జిగ త్రాగి, కొంతసేపు కూర్చుంటిమి. తిరిగి వచ్చునప్పటికి మిగిలిన మాలు బిగుసుకొనుచుండెను. దానిపై మరల నీరు చల్లి మెత్తన చేసితిమి. నీరు తగిలిన అరగంట గడచినది మొదలు సిమెంటు పట్టుకొన మొదలిడును. ఆ పట్టును విరిచి మరల నీరుపోసినచో తిరిగి ఎన్నటికిని అంత గట్టిగా నతుకుకొనదు. అట్టి మాలును పారవేయవలసినదే. ఖరీదైన సామాను పారవేయుటకు మనకు చేతులు రావు. ఆ లోభమే మమ్ము చెరచినది.

సాయంకాలమున మా పిల్లవాడు చప్టా చూచి "చక్కగా ఎండుచున్నది" అని సంతోషించెను. కాంక్రీటు ఎండి గట్టిపడునని తలచుట పెద్ద పొరపాటు. అది నీటితో కలిసి గట్టిపడునే గాని ఎండి కాదు. తడి యున్నంతకాలమే దాని బలము పెరుగును. మేము ఒక్క దినము కూడ తడుపలేదు. నెల తిరుగకుండ చీపురు తగిలినప్పుడెల్ల బూడిదవంటి పొడి లేచెను. బండ వేసిన చోట పెచ్చు లూడెను.

ఇవియన్నియు నొక యెత్తు, నా పాదము లొక యెత్తు. చెప్పులు విడిచి తడిమాలులో నిలిచి పనిచేసితిని. సాయంకాలమునకు వ్రేళ్ళ సందులు ఎఱ్ఱబారి, మరునాటికి పుండ్లయ్యెను. తడి సిమెంటు సున్నమువలెనే చర్మమును తినును. మొదట మంట తెలియదు గనుక మనము కడుగుకొనము. రబ్బరు చేతితొడుగులు, మోకాలి క్రిందివరకు వచ్చు రబ్బరు జోళ్ళు లేకుండ ఈ పనికి దిగరాదు. కంటిలో పడినచో చాలసేపు మంచినీళ్ళతో కడిగి వెంటనే వైద్యుని యొద్దకు పోవలెను. మన ఇండ్ల శ్లాబులకు తట్టలు మోయు ఆడుకూలీలు వట్టికాళ్ళతో నిలుచుట ప్రతిదినము చూచుచునే యుందుము. పనివారికి మధ్యాహ్నము కాఫీ ఇచ్చు ఇల్లాలు, కాళ్ళు కడుగుకొనుటకు రెండు బకెట్ల మంచినీళ్ళు కూడ నుంచుట ధర్మము.

రెండవమారు ఆ చప్టాను పగులగొట్టించి మరల పోసితిమి. ఈ తడవ మా వీధి చివర కాపురమున్న ముసలి తాపీమేస్త్రి, పని మానుకొన్నవాడు, నులకమంచము వేసికొని కూర్చుండి చెప్పుచుండ మేము చేసితిమి. అతడు మొదట అడిగినది సిమెంటు గూర్చి కాదు, అడుగునేల గూర్చి. మాది నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలు విచ్చు నేల. దానిపై ఎంత మంచి చప్టా వేసినను క్రింది మన్ను పొంగి పగులగొట్టును. అతని మాటపై అడుగు లోతున రేగడి తీసివేసి, గ్రావెలు నింపి, నీళ్ళుపోసి, దిమ్మిసతో కొట్టితిమి. పోయుటకు అర్ధదినము పట్టగా దీనికి రెండు దినములు పట్టెను. నీరు పారుటకు అడుగునకు పావంగుళము చొప్పున వాలు పెట్టించెను. సిమెంటు, ఇసుక పొడిగా నుండగానే రంగు ఒక్కటియగువరకు కలుపుమనెను. తరువాతనే కంకర, ఆపైన కొలిచిన నీరు. పైకి తేలిన తడి ఇంకువరకు తాపీ తాకనీయలేదు. పొడి సిమెంటు చల్లి నున్నగా చేయబోగా కోపపడి, "అమ్మా, ఇది అద్దము కాదు, కాలు నిలువవలసిన చోటు" అని కొబ్బరిచీపురుతో అడ్డముగా గీతలు దీయించెను. అత్తగారు జారిపడిన సంగతి మే మతనికి చెప్పనేలేదు.

మరునాటినుండి గోనెపట్టలు కప్పి పదునాలుగు దినములు తడిపితిమి. సాదా సిమెంటునకు ఏడు దినములు కనీసమనియు, బూడిద మొదలగునవి కలిపిన సిమెంటునకు పది దినములనియు, వేడి పొడిగాలి దినములలో వీటిని పదికిని పదునాలుగునకును పెంపవలెననియు పైన జెప్పిన నియమావళి చెప్పుచున్నది. ఇప్పుడు అంగళ్ళలో దొరకునది హెచ్చుగా ఈ కలుపు సిమెంటే. బస్తామీద ఏమి వ్రాసియున్నదో చదివి కొనుడు. తయారైన నెలయు దానిపైననే యుండును. మూడు నెలలు నిలువయున్న సిమెంటు తన బలములో అయిదవ వంతు పోగొట్టుకొనును.

మన అమ్మమ్మల కాలమున ఈ ఓపిక అందరికిని తెలిసియుండెను. గానుగలో సున్నము నూరి, బెల్లపునీరును, కరక్కాయ నానిన నీరును చేర్చి గచ్చు చేయునప్పుడు తొందరపడువారు లేరు. సిమెంటు త్వరగా బిగియుటచే మనకు తొందర అలవడినది.

చప్టా కుదిరినది. దానితో మా పిల్లవానికి ధైర్యము వచ్చి, మేడమీద వేయదలచిన గది కప్పును కూడ స్నేహితులతో తానే పోయుదుననెను. సామానులకే డబ్బు చాలక చూచుచున్న సమయము. మా వారును కొంచెము మెత్తబడిరి. నేను మాత్రము ఒప్పుకొనలేదు. ఏలయన ఆ నడుమ లెక్క నేర్చుకొంటిని. ఆరువందల చదరపుటడుగుల కప్పు అయిదంగుళముల మందమున పోసినచో అది ఏడు ఘనపు మీటర్లు, పదునేడు టన్నులు. సుమారు యేబదియేడు బస్తాల సిమెంటు. ఆ బరువంతయు, గట్టిపడువరకు, క్రింది సెంట్రింగు గుంజలమీదనే నిలిచియుండును. ఒక గుంజ జారినచో క్రింద నున్నవారి గతి యేమి? చప్టా చెడినచో పొడి లేచును, పగులగొట్టి మరల వేయుదుము. కప్పు చెడినచో దానిక్రింద పిల్లలు నిదురించుచుందురు.

అంతేకాదు, కప్పు బలము సిమెంటులో కంటె ఇనుములో నున్నది. ఇనుప చువ్వ ఎచ్చట నుండవలెనో అచ్చట లేనిచో ఉన్నను లేనట్లే. రెండు గోడల నడుమ కప్పునకు క్రిందిభాగము సాగును గనుక చువ్వలు క్రింద నుండవలెను. కిటికీపై సజ్జకు, ముందుకు పొడుచుకొని వచ్చు బాల్కనీకి, పైభాగము సాగును గనుక చువ్వలు పైన నుండవలెను. పోయునప్పుడు తెలియనివాడు సజ్జ చువ్వలపై కాలుపెట్టి అడుగునకు త్రొక్కినచో, చూచుటకు సజ్జ చక్కగానే యుండును. గుంజలు తీసిననాడో, దానిపై మనిషి నిలిచిననాడో విరిగిపడును. దీనిని పైనుండి చూచి కనిపెట్టుట ఎవరికిని సాధ్యము కాదు. కప్పు, దూలములు, స్తంభములు, మెట్లవరుస, నీళ్ళ ట్యాంకు, వీటిని ఇంటివారు పోసికొనుట పొదుపు కాదు, తెగింపు. మేస్త్రి ఎంత అనుభవశాలియైనను చువ్వల లెక్క ఇంజనీరు వ్రాసి యివ్వవలెను. ఆ రుసుము చూచి వెనుదీయువారు పెండ్లి పందిరికి ఎంత వెచ్చించిరో జ్ఞాపకము చేసికొందురుగాక.

పట్టణములలో ఇప్పుడు కాంక్రీటు కలిపియే తిరుగు గుండుగల లారీలలో వచ్చుచున్నది. ఒక లారీ సుమారు ఆరు ఘనపు మీటర్లు తెచ్చును. పాళ్ళు సరిగా నుండును, పనియు త్వరగా సాగును. కాని చిన్న చప్టాకు లారీ రాదు, ఇరుకు సందులోనికి అసలే రాదు. వచ్చినను పరచువారు సిద్ధముగా లేనిచో గట్టిపడు సామానుతో నిలువవలసినదే.

మా గదికి మేస్త్రిని కుదుర్చుకొన్నప్పుడు, అతడు అంతకుముందు వేసిన కప్పులలో రెండు వానకాలములు గడచినవానిని చూపుమంటిని. ఇల్లాండ్రనే అడిగితిని, ఏ మూల చెమ్మ పట్టుచున్నదో వారికే తెలియును. కూలి సొమ్ములో కొంత గుంజలు తీసిన పిదప ఇచ్చునట్లు కాగితముమీద వ్రాయించితిమి. నీళ్ళ కొలతకు ఒక డబ్బా నేనే యిచ్చితిని. మొదట అతనికి కినుక కలిగెను. మాలు పలుచగా నున్నచో మోయువారికిని పరచువారికిని సులభము, వారిని తప్పుపట్టుటకు లేదు. అయినను డబ్బా ప్రక్కనే నేను కుర్చీ వేసికొని కూర్చుంటిని. చువ్వల క్రింద సిమెంటు బిళ్ళలు పెట్టిరో లేదో ఇంజనీరు పోయుటకు ముందే చూచిపోయెను. ఉదయము మొదలుపెట్టిన పని దీపములు పెట్టువేళకు నడుమ నాగకుండ ముగిసెను.

డబ్బు కొంత మాత్రము మిగిలినది. పాత పెంకులు దించుట, ఇటుకలు తడుపుట, కప్పుపై మట్టితో మడులు కట్టి నీళ్ళు నిలుపుట మేమే చేసికొంటిమి. నీళ్ళు పెట్టుటకు ఏ మేస్త్రియు రెండు వారములు మనిషిని పంపడు. మా పిల్లవాడు తెల్లవారుజామున లేచి మడులు నింపి కాలేజీకి పోవుచుండెను. ఆ గది వెడల్పు పదునైదడుగులలోపుగా నుండుటచే ఏడు దినములకే గుంజలు తీయవచ్చునని నియమావళిలో నున్నను, ఇంజనీరు పదునాలుగు దినములు ఉంచుమనెను.

పదునైదవనాడు గుంజలు తీసిరి. అందరమును క్రింద నిలిచి పైకి చూచితిమి. ఒక మూల రెండుచోట్ల తేనెపట్టువలె గుల్లగా నుండెను. ఇంజనీరు వచ్చి తట్టిచూచి, చువ్వ బయటపడలేదని చెప్పి, గుల్ల గోకించి సిమెంటుతో పూడ్పించెను. ఆ మూల ఇంతవరకు చెమ్మ రాలేదు. క్రింద చప్టామీద మా అత్తగారు తమ చీర తామే ఉదుకుకొనుచున్నారు.