బుడగలతో వీరపురుషుని బొమ్మ

రబ్బరు బుడగ మొదట ప్రయోగశాలలో పుట్టినది. 1824లో లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మైకేల్ ఫారడే రెండు రబ్బరు రేకులను ఒకదానిపై నొకటి పేర్చి, లోపల అంటుకొనకుండ పిండి రాచి, అంచులను అదిమి అతికించి, ఉదజని వాయువుతో నింపెను. నేడా బుడగ సన్నని గొట్టముగా రూపొంది, విద్యార్థుల చేతిలో బొమ్మగా మారుచున్నది.

మెలిపెట్టుటకు పనికివచ్చు బుడగను 260 అను అంకెతో గుర్తింతురు. నిండుగా ఊదినపుడు 2 అంగుళముల లావు, 60 అంగుళముల పొడవు వచ్చునని దాని భావము. సన్నని గొట్టము సాగుటకు ఎక్కువ ఒత్తిడి వలయును గనుక చేతిపంపును వాడుట మేలు.

ఈ పనిలోని కీలకము తోకను ఖాళీగా విడుచుట. మెలిపెట్టినపుడెల్ల అచ్చటి గాలి ముందునకు జరుగును. దానికి చోటు లేనిచో ఒత్తిడి పెరిగి రబ్బరు పగులును. మెలికలన్నియు ఒకే దిక్కునకు త్రిప్పవలెను. లేనిచో ముందటి మెలిక విడిపోవును. ఒంటి మెలిక నిలువదు. రెండు పాయలను జతగా పట్టి త్రిప్పినచో అవి ఒరసికొని బిగియును.

ఉదాహరణకు సూపర్‌మ్యానును తీసికొందము. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను యువకులు సృజించిన ఈ వీరుడు 1938లో అమెరికాలోని ఒక బొమ్మల కథల పత్రికలో తొలిసారి కనిపించెను. నీలి దుస్తులు, వీపున ఎఱ్ఱని ఉత్తరీయము, ఱొమ్మున అక్షరము ఉన్నచో ముఖము ఎట్లున్నను పిల్లలు అతనిని గుర్తింతురు.

నీలి బుడగను ఒక గజము మేర ఊది, ముడివేసి, సరిగా నడుమ మెలిపెట్టి మడువవలెను. మడతకు ఏడంగుళముల దిగువ రెండు పాయలను కలిపి మెలిపెట్టినచో పైభాగము మొండెము, క్రిందివి కాళ్లు అగును. మిగిలిన తోకను కత్తిరింపక, గాలి ముగిసిన చోట ముడివేయవలెను. రెండవ నీలి బుడగను అడుగున్నర ఊది, నడుమ మెలిపెట్టి, మొండెము పైనున్న మెలికతో పెనవేసినచో చేతులు ఏర్పడును. నారింజపండంత గుండ్రని బుడగను అచ్చటనే కట్టినచో తల. ఎఱ్ఱని బుడగను రెండడుగులు ఊది, కొనలు కలిపి ముడివేసి మెడ వెనుక వ్రేలాడదీసినచో ఉత్తరీయము. అక్షరమును కాగితముపై వ్రాసి ఱొమ్మున అంటింపవలెను. ఉత్తరీయమునకు బదులు తోకను, చేత గదను చేర్చినచో ఆంజనేయుడు సిద్ధమగును.

ఒక హెచ్చరిక ముఖ్యము. పగిలిన తునుకను పసిబిడ్డ నోటబెట్టుకొనినచో, ఆ పలుచని రబ్బరు గొంతున అతుక్కొని ఊపిరాడనీయదు. అమెరికాలో 1994 నాటి శాసనము, ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు ఈ ప్రమాదము కలదని బుడగల పొట్లములపై ముద్రింపవలెనని విధించెను. రబ్బరు సరిపడక దద్దురులు లేచువారును కొందఱు గలరు. కావున పాఠశాల ఉత్సవములలో చిన్న తరగతుల వారికి బొమ్మలు చేసియిచ్చు పెద్ద విద్యార్థుల పని బొమ్మ ఇచ్చుటతో ముగియదు. పగిలిన తునుకలన్నిటిని ఏరి పారవేయువఱకు ఆ బాధ్యత వారిదే.