ఐసీయూ నుంచి ఇంటికి చేరాక చక్కెర పరీక్ష మరువరాదు

తీవ్రమైన న్యుమోనియా, సెప్సిస్ వంటి వ్యాధులతో ఐసీయూలో చేరినవారికి, అంతకుముందు మధుమేహం లేకపోయినా, రక్తంలో చక్కెర పెరగవచ్చు. ప్రాణాపాయ వేళ దేహం కార్టిసాల్, అడ్రినలిన్ హార్మోన్లను అధికంగా విడుదల చేస్తుంది. అప్పుడు కాలేయం గ్లూకోజును ఎక్కువగా వదులుతుంది. ఇన్సులిన్ ప్రభావం తగ్గుతుంది. స్టెరాయిడ్ మందులూ చక్కెరను పెంచుతాయి.

వ్యాధి తగ్గిన తరువాత చాలామందిలో చక్కెర సాధారణ స్థాయికి వస్తుంది. అయినను ముప్పు పూర్తిగా తొలగినట్లు కాదు. దక్షిణ ఆస్ట్రేలియాలో ఐసీయూ నుంచి కోలుకున్నవారిపై జరిగి, 2016లో ప్రచురితమైన అధ్యయనంలో, ఇట్లు చక్కెర పెరిగినవారికి తరువాతి కాలంలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం, పెరగనివారికంటె దాదాపు రెండింతలని తేలింది. మరికొందరికి వ్యాధి ముందే ఉండి, ఆసుపత్రిలో తొలిసారి బయటపడుతుంది.

కావున డిశ్చార్జి పత్రాన్ని భద్రపరచి, చక్కెర పెరిగినట్లు అందులో ఉంటే వైద్యునికి చూపవలెను. కోలుకున్న మూడు నెలలకు ఒకసారి, ఆపై వైద్యుని సలహా ప్రకారం పరీక్ష చేయించుకొనుట మేలు. పరగడుపున చక్కెర 100 నుంచి 125 మిల్లీగ్రాములుంటే మధుమేహానికి ముందు దశ. 126 లేదా అంతకు మించితే మధుమేహాన్ని అనుమానించి మరల పరీక్షిస్తారు. రక్తం ఎక్కించుకున్నవారిలో హెచ్‌బిఎ1సి ఫలితం సరిగా రాకపోవచ్చును; ఆ సంగతి వైద్యునికి ముందే తెలుపవలెను. ఆసుపత్రిలో ప్రారంభించిన ఇన్సులిన్‌ను స్వయంగా మానరాదు.